ఇంటి దగ్గరికే వెళ్లి కార్ డీటెయిలింగ్: మొదట్లో చేసే తప్పులేంటో చెప్పండి

కొత్తబండి_నిజాంపేట | శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, నిజాంపేట. ఒక కార్ల షోరూమ్‌లో నాలుగేళ్లుగా డెలివరీ సెక్షన్లో పని చేస్తున్నాను. కొత్త కారు కస్టమర్ చేతికి ఇచ్చే ముందు కడిగి, తుడిచి, మెరిపించడం మా పనే. వచ్చే నెల ఉద్యోగం మానేసి సొంతంగా మొబైల్ డీటెయిలింగ్, అంటే కస్టమర్ ఇంటి దగ్గరికే వెళ్లి కారు లోపలా బయటా శుభ్రం చేసి మెరిపించే పని మొదలుపెట్టాలని ఉంది. చేతిలో 3 లక్షల 80 వేలు ఉన్నాయి.

నేను అనుకున్నది ఇదీ. సెకండ్ హ్యాండ్ ఈకో వ్యాన్ 2 లక్షల 40 వేలకు మాట్లాడాను. అందులో 500 లీటర్ల ట్యాంకు, 1,400 వాట్ల ప్రెషర్ వాషర్, మా ఇంట్లో పడి ఉన్న 900 వీఏ ఇన్వర్టర్, బ్యాటరీ పెడతాను. ఫోమ్ వాష్, లోపల వ్యాక్యూమ్ కలిపి 399. మొదటి 100 మందికి 299. సిటీలో ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా వెళ్తాను. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద గట్టి రక్షణ పొర వేయడం) 9,999కి చేస్తాను, అసలు లాభం దాంట్లోనే అని విన్నాను.

ఇంట్లో అమ్మకు ఇంకా చెప్పలేదు. చెప్పే ముందు ఈ ప్లాన్‌లో ఎక్కడ దెబ్బ తింటానో తెలుసుకోవాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

రెండు_బకెట్లు | శనివారం రాత్రి 11:55

తమ్ముడూ, నాలుగేళ్లు చేశావు కాబట్టి నీ చేతి పని మీద నాకు అనుమానం లేదు. కానీ షోరూమ్‌లో నువ్వు కడిగినవి కొత్త కార్లు. బయట నీ ముందుకు వచ్చేవి ఆరేళ్ల కార్లు, రెండుసార్లు పెయింట్ పడ్డ డోర్లు, పాలు ఒలికి పులిసిపోయిన సీట్లు. షోరూమ్‌లో నీళ్లు, కరెంటు, నీడ ఎవరో పెట్టారు. ఇక్కడ మూడూ నువ్వే తెచ్చుకోవాలి. ఏం తేగలవో ముందు చూసుకుని, ఆ మేరకే మాటివ్వు. కొత్తవాళ్లు చాలామంది దెబ్బ తినేది అక్కడే.

ముందు ఏరియా సంగతి. నేను ఆరేళ్ల కింద కొండాపూర్‌లో మొదలుపెట్టా. మొదటి నెల ఎవరు పిలిచినా వెళ్లా. ఒకరోజు పొద్దున ఏడింటికి మియాపూర్, పదకొండుకి ఎల్బీనగర్, మూడింటికి అల్వాల్. రాత్రి ఇంటికొచ్చి లెక్క చూస్తే మూడు కార్లకు పన్నెండు వందలు వచ్చింది, అందులో ఆరు వందలకు పైగా పెట్రోలుకే పోయింది. మిగతాది నాకూ హెల్పర్‌కీ కలిపి. ఆ రోజు కారు కడిగిన టైమ్ కంటే సిగ్నళ్ల దగ్గర నిలబడిన టైమే ఎక్కువ. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి. ఈ మూడు నీకు చాలు. ఒకే అపార్ట్‌మెంట్‌లో వరసగా మూడు కార్లు దొరకడం, ఊరి ఆ చివర దొరికే ఐదు కార్ల కంటే మేలు.

ఇక 299. కారుకు గంటంబావు పని. వెళ్లడం, పైపులు పరచడం, మళ్లీ సర్దుకోవడం ఇంకో ముప్పావు గంట. అంటే ఒక్కో కారుకు రెండు గంటలు. రోజుకు నాలుగు కార్లు చేస్తే గొప్ప. నాలుగు 299లు 1,196. పెట్రోలు, షాంపూ, గుడ్డల అరుగుదల, హెల్పర్ కూలీ తీసెయ్. నీకు మిగిలేది ఏదీ ఉండదు. పైగా 299కి అలవాటైన కస్టమర్ 499 అనగానే ఫోన్ ఎత్తడు. తక్కువకి బోణీ చెయ్యాలనిపిస్తే మొదటి ఐదుగురికి చెయ్, వందమందికి కాదు.

మూడోది నీళ్లు, ఇది ఎవరూ ముందు చెప్పరు. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. 300 రూపాయలు పెట్టి, నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కో. మా పాత ఇంటి బోరు 1,150 చూపించేది. ఆ నీళ్లతో ఒక నల్ల కారు కడిగి, తుడవడం పూర్తయ్యేలోపు కస్టమర్ పిలిస్తే పైకి వెళ్లి డబ్బులు తీసుకుని వచ్చా. పది నిమిషాలు. ఏప్రిల్ ఎండ. బానెట్ నిండా తెల్లటి గుండ్రాలు, ఒక్కో చుక్క ఎక్కడ ఆరిందో అక్కడ దాని అంచు గీసినట్టు. గుడ్డతో రుద్దితే పోలేదు. నీళ్లు ఆవిరై కాల్షియం, మెగ్నీషియం అక్కడే ఉండిపోతాయి. వేడి రేకు మీద ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. వాటర్ స్పాట్ రిమూవర్ తెచ్చి సాయంత్రం దాకా కూర్చుంటే బానెట్ వచ్చింది, అద్దాల మీద మాత్రం కొంచెం మిగిలింది. ఆ కస్టమర్ మళ్లీ పిలవలేదు.

అప్పటి నుంచి చివరి కడుగు ఆర్వో నీళ్లతోనే. 20 లీటర్ల క్యాన్ ఒకటి చాలు, వెంటనే పెద్ద టవల్‌తో అద్దేస్తాను. ఎండాకాలం పొద్దున తొమ్మిది దాటితే బయట పార్కింగ్‌లో పని ముట్టుకోను. సెల్లార్ నీడ ఉంటేనే.

లప్పం_మాస్టర్ | ఆదివారం ఉదయం 7:20

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా డెంటింగ్, పెయింటింగ్ చేస్తున్నాను. డీటెయిలింగ్ వాళ్లు పాడుచేసిన కార్లు చివరికి మా దగ్గరికే వస్తాయి కాబట్టి మాట్లాడుతున్నా.

బాబూ, కారు మీద ఉన్న పెయింట్ అంతా కలిపినా మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటుంది. అందులో పైన మెరిసే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం కూడా లేదు. పాలిష్ మెషిన్ పెట్టిన ప్రతిసారీ అందులోంచే కొంత తీసేస్తున్నావు. ఇది చేతికి తెలియాలి.

గత ఏడాది ఒక కుర్రాడు కస్టమర్ కారు తీసుకొచ్చాడు. కొత్తగా పని మొదలుపెట్టాడట. ఒకే చోట గిర్రున తిరిగే రోటరీ పాలిష్ మెషిన్‌తో గీతలు తీస్తున్నాడు, ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆపాడు. వేలి వెడల్పు మేర రంగు పోయి ప్రైమర్ బయటపడింది. అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది, వేడి మొత్తం అక్కడే చేరుతుంది. నేను పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టి చూస్తే ఆ ఫెండర్ అంతకుముందే రీపెయింట్ అయిన ముక్క. ఒకచోట 220, ఇంకోచోట సొట్టలు పూడ్చే లప్పం వల్ల 600 దాటింది. ఆ అబ్బాయి దగ్గర గేజ్ లేదు. 1,500 తీసుకున్న పనికి ఫెండర్ పెయింటు, రంగు తేడా తెలియకుండా పక్క డోరుకి బ్లెండింగ్ కలిపి 7,000 కట్టుకున్నాడు. ఏడుపు మొహంతో నిలబడ్డాడు, నాకు లేబర్ తీసుకోబుద్ధి కాలేదు.

రోటరీ జోలికి రెండేళ్ల దాకా వెళ్లొద్దు. తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యుయల్ యాక్షన్ మెషిన్ కొనుక్కో, దాంతో కాల్చేయడం అంత తేలిక కాదు. రబ్బరు బీడింగులు, అంచులు మాస్కింగ్ టేప్ వేసి కప్పు. ముందు పాత డోరు ఒకటి స్క్రాప్‌లో కొనుక్కుని ఇంట్లో నేర్చుకో. కస్టమర్ కారు మీద నేర్చుకోకూడదు.

సిరామిక్ గురించి ఒకే మాట. ఓపెన్ పార్కింగ్‌లో సిరామిక్ వెయ్యకు. దుమ్ము దాంట్లో కూర్చుంటే అది అక్కడే గట్టిపడుతుంది, తీయాలంటే మళ్లీ పాలిష్ పట్టాల్సిందే.

కొత్తబండి_నిజాంపేట | ఆదివారం ఉదయం 9:05

మాస్టర్ గారూ, సెల్లార్‌లో అయితే చెయ్యొచ్చా? నాకు ఒక డీలరు రెండు రోజుల ట్రైనింగ్, సర్టిఫికెట్, ఐదేళ్ల వారంటీ కార్డులు ఇస్తానన్నాడు. కోటింగ్ గట్టిదనం 9హెచ్, అంటే గీత పడదు అని చెప్పాడు.

లప్పం_మాస్టర్ | ఆదివారం ఉదయం 9:50

9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనంతో చేసే పరీక్ష. తాళం చెవితో గీస్తే గీత పడుతుంది, రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. కస్టమర్‌కి గీత పడదని చెప్పి వేస్తే మొదటి గీతకే నీ దగ్గరికి వస్తాడు.

కోటింగ్ వేయడం కొన్ని గంటల పనే. దాని ముందు కడగడం, ఇనుప రేణువులు తీసే ఐరన్ రిమూవర్, అంటుకున్న మురికి లాగే క్లే, పాలిష్, ఆల్కహాల్ తుడుపు. ఇదే రోజంతా పడుతుంది. వేశాక కనీసం ఒక రోజు నీటి చుక్క తగలకూడదు, వారం దాకా షాంపూ పెట్టకూడదు. సెల్లార్‌లో పక్క కారు తీసేటప్పుడు లేచే దుమ్ము, పైన పైపులోంచి కారే చుక్క. ఎవరిని ఆపుతావు? మంచి లైటు లేకపోతే హై స్పాట్లు (కోటింగ్ ఎక్కువై నిలిచిన చోట్లు) కనపడవు, కస్టమర్ మర్నాడు ఎండలోకి తీసుకెళ్లాక ఇంద్రధనుస్సులా మచ్చలు కనపడతాయి. తలుపులు మూసుకునే షెడ్డు దొరికాకే ఆ పని. వారంటీ కార్డు మీద ఐదేళ్లని నువ్వు సంతకం పెడితే, ఐదేళ్లూ జవాబు చెప్పాల్సింది నువ్వే, డీలరు కాదు.

కరెంటు_పని | ఆదివారం ఉదయం 11:15

నేను ఎలక్ట్రీషియన్ని, డీటెయిలింగ్ తెలియదు. కానీ పోస్టులో 900 వీఏ ఇన్వర్టర్, 1,400 వాట్ల వాషర్ చూసి ఊరుకోలేకపోయాను. ఆ ఇన్వర్టర్ మీద ఆ వాషర్ నడవదన్నా. ఆన్ చేయగానే మోటారు రెండు మూడింతలు లాగుతుంది, ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. పెద్ద ఇన్వర్టర్ కొన్నా ఒక్క 150 ఏహెచ్ బ్యాటరీ మీద వంద యాంప్స్‌కి పైగా లాగితే బ్యాటరీ తొందరగా పోతుంది. మొదట కస్టమర్ దగ్గర కరెంటు తీసుకోవడమే మంచిది. వాషర్ పది నిమిషాలు, వ్యాక్యూమ్ ఇరవై నిమిషాలు అనుకున్నా ఒక కారుకు ఒక యూనిట్ కూడా కాలదు. అడిగి తీసుకోండి, డబ్బులు ఇస్తామని చెప్పండి.

సాకెట్ 16 యాంప్స్‌ది వాడండి. 1,400 వాట్లంటే 6 యాంప్స్ దాటుతుంది, చిన్న సాకెట్ కరిగిపోవడం నా కళ్లతో చూశాను. ఎక్స్‌టెన్షన్ బజార్లో దొరికే సన్న వైరుది వద్దు. 2.5 స్క్వేర్ ఎంఎం, మూడు కోర్ల వైరు, ఎర్త్ కచ్చితంగా. చుట్ట మొత్తం విప్పి వాడాలి, చుట్టగానే ఉంటే లోపల వేడెక్కుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, మీ ఎక్స్‌టెన్షన్ బోర్డులో 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. తడి నేల, తడి చేతులు, చెప్పుల్లేని కాళ్లు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎర్త్ ఉందో లేదో మీకు తెలియదు. ఇది రెండు మూడు వేల లోపు ఖర్చు. దీని దగ్గర బేరం వద్దు. హెల్పర్‌కి రబ్బరు బూట్లు కొనివ్వండి.

రెండు_బకెట్లు | ఆదివారం ఉదయం 11:40

పైన అన్న చెప్పింది తమ్ముడు ప్రింట్ తీసి వ్యాన్‌లో అతికించుకోవాలి.

ట్యాంకు గురించి కూడా చెప్తున్నా. 500 లీటర్లంటే అరటన్ను నీళ్లు. దాని మీద మెషిన్లు, ఇద్దరు మనుషులు. బ్రేకు వేస్తే నీళ్లన్నీ ముందుకు ఉరుకుతాయి, బండి ఆగదు. ఇలాంటి వాషర్లు నిమిషానికి ఆరేడు లీటర్లు తోస్తాయి. గన్ నొక్కి ఉంచేది కారుకు పది నిమిషాలే అయితే 70 లీటర్లు చాలు. 200 లీటర్ల ట్యాంకు దాదాపు మూడు కార్లకు వస్తుంది. లోపల అడ్డ పలకలు ఉన్నది తీసుకో. వైట్ బోర్డు (సొంత వాడకానికి రిజిస్టర్ అయిన) బండి తీసుకుని వ్యాపారానికి తిప్పితే, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర గొడవ వస్తుంది. ట్యాంకు బిగించిన సంగతి కూడా వాళ్లకి రాతపూర్వకంగా చెప్పు.

అసలు మొదటి రోజే వ్యాన్ ఎందుకు? మొదటి మూడు నెలలు స్కూటర్ మీద రెండు బకెట్లు, వాటి అడుగున ఇసుకని ఆపే గ్రిట్ గార్డు జాలీలు, పంపు స్ప్రేయర్, చిన్న వ్యాక్యూమ్ పెట్టుకుని తిరుగు. గిరాకీ ఉందో లేదో తెలిశాక వ్యాన్.

బెజవాడ_అక్క | ఆదివారం మధ్యాహ్నం 2:30

మా ఆయన పని చూస్తారు, ఫోన్లూ లెక్కలూ నేను చూస్తాను. విజయవాడలో నాలుగో ఏడు నడుస్తోంది. ఎవరూ చెప్పనివి రెండు చెప్తాను తమ్ముడూ.

ఒకటి వీడియో. మొదట్లో మేము తీసేవాళ్లం కాదు. ఒక కస్టమర్ కారు కడిగి ఇచ్చిన గంటకి ఫోన్ చేసి, వెనక డోరు మీద గీత మీ వల్లే పడింది అన్నారు. మా ఆయన గుర్తుపట్టారు, అది గేటుకు రాసుకున్న పాత గీత, లోపల తుప్పు రంగు కూడా వచ్చింది. కానీ దుమ్ము కింద ఉన్న గీత కడిగాకే కదా కనపడేది! వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే మొదటిసారి చూశారు. మా దగ్గర రుజువు లేదు. 3,000 ఇచ్చి వచ్చాం. అంతకంటే ఆ రోజంతా మా ఆయన అన్నం తినలేదు, అది ఎక్కువ బాధ.

ఇప్పుడు కారు ముట్టుకునే ముందు చుట్టూ తిరిగి వీడియో. నాలుగు వైపులా, అలాయ్ వీల్స్ అంచులు, అద్దం మీద పెచ్చులు, డాష్‌బోర్డ్ మీద వెలుగుతున్న వార్నింగ్ లైట్లు, కిలోమీటర్ల రీడింగు. కడిగాక పాత గీతలు బయటపడితే పాలిష్ మొదలుపెట్టకముందే కస్టమర్‌ని పిలిచి చూపించి, మళ్లీ వీడియో. రెండూ వాట్సాప్‌లో వాళ్లకే పంపేస్తాను. ఆ తర్వాత ఒక్క గొడవ లేదు.

అలాగే లోపలి వస్తువులు. సీటు కింద చిల్లర, పిల్లల బొమ్మలు, రసీదులు, ఒకసారి చెవి కమ్మ కూడా దొరికింది. దొరికినవన్నీ జిప్ కవర్లో వేసి కస్టమర్ ముందు లెక్కపెట్టి ఇవ్వాలి. రూపాయి బిళ్ల అయినా సరే. మేము ఆ కమ్మ తిరిగి ఇస్తే తీసుకున్నావిడ వాళ్ల ఫ్లాట్లలో ఆరుగురికి మా నంబర్ ఇచ్చారు. మేము పెట్టిన ప్రకటనలు ఏవీ అంత పని చేయలేదు.

రెండోది డబ్బు. వ్యాపారం డబ్బు, ఇంటి డబ్బు ఒకే ఖాతాలో పెట్టొద్దు. ప్రతి కారుకు మెషిన్ అరుగుదల కింద కొంత పక్కన పెట్టు, మేము 40 తీస్తాం. ఎనిమిది నెలలకి వాషర్ పోయినప్పుడు అదే ఆదుకుంది. వానాకాలం రెండు నెలలు పని సగానికి పడిపోతుంది, ఆ నెలల అద్దె, ఈఎంఐ ఎండాకాలంలోనే దాచాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే తప్పనిసరి, కాబట్టి ఇప్పుడే కంగారు వద్దు. చిన్న వ్యాపారాలకి ఉండే ఉద్యం రిజిస్ట్రేషన్ మాత్రం ఆన్‌లైన్లో ఉచితం, అది చేసుకో. తర్వాత వ్యాన్‌కి లోన్ కావాలంటే ముద్ర లోన్ పథకంలో 50 వేల నుంచి 5 లక్షల దాకా కిశోర్ అనే విభాగం కింద అడగొచ్చు. ఉన్న 3 లక్షల 80 వేలూ ఒకేసారి ఖర్చు పెట్టేస్తే మాత్రం నాకు భయంగా ఉంది. ఆరు నెలల ఇంటి ఖర్చు ముట్టుకోకుండా ఉంచు. అమ్మకి ఈ రోజే చెప్పు నాన్నా, ఆవిడకి తెలియకుండా ఉద్యోగం మానొద్దు.

సెల్లార్_కమిటీ | ఆదివారం సాయంత్రం 6:10

నేను ఈ వ్యాపారంలో లేను. మియాపూర్ దగ్గర 140 ఫ్లాట్ల కమ్యూనిటీలో అసోసియేషన్ కార్యదర్శిని. మీలాంటివాళ్లని లోపలికి రానివ్వాలా వద్దా అని నిర్ణయించే కమిటీలో ఉన్నాను కాబట్టి మా వైపు నుంచి చెప్తాను.

ఒక కుర్రాడిని పంపించేశాం. పని బాగా చేస్తాడు. కానీ నురగ నీళ్లు పక్క ఫ్లాటు వాళ్ల బైకు కిందకీ లిఫ్టు ముందుకీ పారాయి. ఒక పెద్దాయన అక్కడ జారి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరు అడిగినా కమిటీలో ఒప్పుకోరు. నేల తుడిచే వైపర్, తడి నేల అని బోర్డు, నీళ్లు ఎటు పారుతాయో ముందు చూసుకోవడం. ఇవి మీ సామాన్లలో ఉండాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వ్యాక్యూమ్ శబ్దం వద్దు, పిల్లలు, పెద్దవాళ్లు పడుకుంటారు.

నీళ్లు మా దగ్గర తీసుకుంటామని మాత్రం అడగొద్దు. ఎండాకాలం మేమే ట్యాంకర్లు కొంటాం. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కటకట వచ్చినప్పుడు తాగునీటితో బండ్లు కడిగితే 5,000 జరిమానా అని అక్కడి జలమండలి ఆదేశం ఇచ్చింది. ఆ వార్త వచ్చాక మా వాళ్లు కూడా నీళ్ల విషయంలో బాగా పట్టుగా ఉన్నారు. దుమ్ము తక్కువున్న కారుకి బకెట్టు నీళ్లతో చేసే రిన్స్‌లెస్ వాష్ ఉందంటే వెంటనే ఒప్పుకుంటాం.

ఇంకో మాట. మా దగ్గర పొద్దున్నే కార్లు తుడిచే అబ్బాయిలు నలుగురు ఉన్నారు. నెల జీతం మీద బతికేవాళ్లు. కొత్తవాళ్లు రాగానే వాళ్ల పొట్ట కొడుతున్నారని భయపడతారు, వాచ్‌మన్ వాళ్ల వైపే మాట్లాడతాడు. వాళ్లతో పోటీ పెట్టుకోకండి. రోజూ తుడుపు వాళ్లది, మూడు నెలలకోసారి లోపలి క్లీనింగ్ మీది అని కూర్చుని మాట్లాడుకోండి. ఏ కారు లోపల వాసన వస్తోందో, ఎవరి సీట్లు మాసిపోయాయో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

కొత్తబండి_నిజాంపేట | ఆదివారం సాయంత్రం 6:45

సార్, ఆ నలుగురి సంగతి నేను అస్సలు ఆలోచించలేదు. చాలా థాంక్స్.

ఉక్కునగరం | ఆదివారం రాత్రి 8:30

విశాఖ నుంచి. లోపలి పనిలో చేసే తప్పులు ఎవరూ రాయలేదు, నేను రాస్తాను.

సీట్లని నీళ్లతో ముంచెత్తడం అందరూ చేసే తప్పు. మరక పోవాలన్న ఆత్రంలో నేనూ చేశాను. ఆగస్టు నెల, మబ్బు. సీటు పైన ఆరింది, లోపల స్పాంజి ఆరలేదు. మూడో రోజు కస్టమర్ ఫోన్, కారులో తడి గోనెసంచి వాసన. సీటు విప్పి రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ముందు పొడిగా వ్యాక్యూమ్ చేస్తాను, మాకు బీచ్ ఇసుక కదా, తడిపితే అది కార్పెట్‌లోకి దిగబడిపోతుంది. తర్వాత ఏపీసీ (ఆల్ పర్పస్ క్లీనర్) ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి, బ్రష్ మీద నురగ మాత్రమే. వెంటనే వెట్ వ్యాక్యూమ్‌తో లాగేయాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిని తడపొద్దు, పీకొద్దు.

పైన రూఫ్ లైనింగ్ ఇంకా జాగ్రత్త. అది జిగురు మీద నిలబడి ఉంటుంది. స్ప్రే నేరుగా కొట్టి రుద్దితే గుడ్డ జారి ముడతలు పడి, తలకి తగిలేలా వేలాడుతుంది. దాన్ని సరిచేయడం కష్టం, చాలాసార్లు లైనింగ్ మార్చడమే. మైక్రోఫైబర్ గుడ్డ మీద కొంచెం స్ప్రే చేసి ఒకే దిక్కుకి తుడవాలి, మరక సగమే పోయినా అక్కడితో ఆపాలి.

డాష్‌బోర్డ్ జిడ్డు పాలిష్ కస్టమర్‌కి ఆ నిమిషం నచ్చుతుంది, ఎండలో అది అద్దంలో ప్రతిబింబించి రోడ్డు కనపడదు. స్టీరింగ్‌కి, పెడల్స్‌కి అస్సలు రాయొద్దు. ఇంజిన్‌కి, టైర్లకి డీజిల్ కొట్టి మెరిపించే పాత అలవాటు ఇంకా ఉంది మన దగ్గర. రబ్బరు ఉబ్బి పాడైపోతుంది.

గుడ్డల విషయం. మైక్రోఫైబర్ గుడ్డలు నూలు బట్టలతో కలిపి ఉతకొద్దు, కంఫర్ట్ లాంటివి వేయొద్దు, నీళ్లు పీల్చడం మానేస్తాయి. చక్రాలకి ఒక రంగు, బాడీకి ఒక రంగు, లోపలికి ఒక రంగు. కింద పడ్డ గుడ్డ ఉతికే దాకా కారు మీదకి రాకూడదు. ఒక్క ఇసుక రేణువు చాలు నల్ల కారు డోరు నిండా సాలెగూడులా గీతలు పడటానికి.

మోడరేటర్ | సోమవారం ఉదయం 10:00

ఉపయోగపడే చర్చ, పైన పిన్ చేశాం. దయచేసి ఫోన్ నంబర్లు, డీలర్ల పేర్లు పెట్టకండి.

కొత్తబండి_నిజాంపేట | సోమవారం రాత్రి 9:30

అందరివీ నోట్‌బుక్‌లో రాసుకున్నా. అమ్మకు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ముందు సెలవు రోజుల్లో చేసి చూడరా" అంది. అదే చేస్తాను. వ్యాన్ అడ్వాన్స్ ఇవ్వలేదు. ఉద్యోగం మానడం లేదు, వారానికి ఒక సెలవు, పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర. స్కూటర్, రెండు బకెట్లు, ఆర్‌సీసీబీ బోర్డు, వెట్ వ్యాక్యూమ్. మొత్తం 31,000 అవుతోంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు కొలిచాను, 940. సిరామిక్ పక్కన పెట్టేశాను. లోపలి క్లీనింగ్, రిన్స్‌లెస్ వాష్ రెండే. రేటు 699 పెడదామనుకుంటున్నా, ఎక్కువా?

రెండు_బకెట్లు | సోమవారం రాత్రి 10:10

చిన్న కారుకి 699 సరైనదే. ఏడు సీట్ల బండికి 999 చెయ్, పెంపుడు కుక్క వెంట్రుకలుంటే అదనం అని ముందే రాసిపెట్టు. వానాకాలం బురద కారుకి మాత్రం రిన్స్‌లెస్ ఒప్పుకోకు, బురద మీద గుడ్డ పెడితే గీతలే. ముందు నీళ్లతో వదిలించాలి, లేదంటే ఆ రోజు కాదని చెప్పాలి. కాదని చెప్పడం కూడా పనిలో భాగమే తమ్ముడూ.

కొత్తబండి_నిజాంపేట | పదకొండు వారాల తర్వాత, బుధవారం రాత్రి 11:20

ఈ థ్రెడ్‌లో అప్‌డేట్ పెట్టకుండా ఉండలేకపోయాను. ఇప్పటికి 46 కార్లు చేశాను. అన్నీ నిజాంపేట, ప్రగతినగర్ లోపలే. అందులో 19 కార్లు మా పక్క అపార్ట్‌మెంట్‌లో రోజూ కార్లు తుడిచే అన్న చెప్పినవే. కారుకు 70 ఆయనకి ఇస్తున్నా, నాతో పాటు సీట్లు చేయడం కూడా నేర్చుకుంటున్నాడు.

ఒక ఫిర్యాదు వచ్చింది. ముందు అద్దం మీద గీత. అక్క చెప్పినట్టు వీడియో ఉంది, పంపించాను, ఆయనే సారీ చెప్పి ఇంకో కారు కూడా ఇచ్చారు. ఒక తప్పు నాదే. టైర్ పాలిష్ ఎక్కువ రాసి ఆరకముందే కారు తీశారు, తెల్ల కారు పక్కలంతా నల్లటి చుక్కలు. మళ్లీ వెళ్లి కడిగి డబ్బులు తీసుకోలేదు.

దసరాకి ఆయుధపూజ ముందు రోజు ఒక్కరోజుకే కావాలని 14 ఫోన్లు వచ్చాయి. ఐదే ఒప్పుకున్నాను, మిగతావాళ్లకి రెండు రోజుల ముందో తర్వాతో అని చెప్పాను. ఆరుగురు తర్వాత రోజుకి వచ్చారు. ఇప్పుడు ఒక సందేహం. పూజ తర్వాత తెల్ల కార్ల బంపర్ మీద పసుపు, బానెట్ మీద నూనె కలిపిన కుంకుమ పట్టేసి ఉంటున్నాయి. షాంపూతో పూర్తిగా పోవట్లేదు. పాలిష్ పట్టాలా?

ఉక్కునగరం | గురువారం ఉదయం 6:50

పసుపుకి పాలిష్ వద్దు. షాంపూతో రెండుసార్లు కడిగి కారుని ఎండలో పెట్టమను. పసుపు రంగు ఎండకి దానంతటదే వెలిసిపోతుంది, నాలుగైదు రోజులు చూడమని కస్టమర్‌కి చెప్పు. కుంకుమ అలా పోదు. నూనె ముందు విడగొట్టాలి, పల్చటి ఏపీసీ గుడ్డ మీద వేసి అద్ది ఉంచి తుడువు, రుద్దకు. అప్పటికీ గులాబీ రంగు నీడ మిగిలితే అప్పుడు చేత్తో మెత్తటి పాలిష్, ఆ బొట్టంత మేరకే.

లప్పం_మాస్టర్ | గురువారం ఉదయం 8:15

పాలిష్ పెట్టే ముందు ఆ బానెట్ రీపెయింటో కాదో గేజ్ పెట్టి చూడు. ఇంకా కొనలేదంటే మా షాపుకి రా, నా పాతది ఉంది, వాడుకో.